రాయించే ముందు మాట్లాడించండి

బోర్డు మీద "మీరు చూసిన గుడి గురించి వ్యాసం రాయండి" అని రాసి కూర్చుంటే పిల్లలు ఏం రాస్తారో తెలుగు చెప్పే ఏ టీచర్‌నడిగినా చెప్తారు. "ఆ గుడి చాలా అందంగా ఉంటుంది. అక్కడికి చాలామంది భక్తులు వస్తారు." పక్కవాడి నోట్‌బుక్‌లోనూ అదే. వాళ్లకు రాయడం రాక కాదు, ఏం రాయాలో తేలకముందే మనం పెన్ను పట్టిస్తున్నాం.

అందుకే నేను ఏడో తరగతిలో మొదటి పీరియడంతా మాట్లాడిస్తాను. ఈసారి నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం తీసుకున్నాం, క్లాసులో చాలామంది చూసిన గుడే. "లోపలికి పోంగనే ఏం కనపడ్డది?" అని అడిగితే ఒక అమ్మాయి లేచి "నీడ సార్, లింగం ఎనక గోడ మీద స్తంభం నీడ పడ్తది, పొద్దుగాల పోయినా పొద్దుమీకి పోయినా ఆడనే ఉంటది" అంది. వెనక బెంచీలోంచి "అది ఒక్క స్తంభంది కాదంట సార్" అని ఇంకొకడు. ఇవన్నీ వాళ్లన్నది అన్నట్టే బోర్డు మీదికి ఎక్కిస్తాను. అక్కడే దిద్దడం మొదలుపెడితే మళ్లీ నోరు తెరవరు.

తర్వాత ఎంచుకోవడం. బోర్డు మీదున్నవన్నీ వద్దు, నీకు ఏది విచిత్రమనిపించిందో అదొక్కటి పట్టుకో, ఆ గుడి ఎన్నడూ చూడని మీ మేనత్త కొడుక్కి చెప్తున్నట్టు రాయి అంటాను. గుడి కట్టించింది కందూరు చోళులని, మూడు గర్భగుళ్లున్నాయి కాబట్టి త్రికూటాలయం అంటారని అప్పుడు చెప్తాను. ముందే చెప్తే వ్యాసమంతా అదే నింపుతారు, నీడ ఎటో పోతుంది.

మొదటి ప్రతి వరుస విడిచి వరుస రాయిస్తాను, తర్వాత చేర్చే మాటలకు చోటుండాలి కదా. ఇద్దరిద్దరు నోట్‌బుక్కులు మార్చుకుని, అర్థం కానిచోట పెన్సిల్‌తో ప్రశ్న రాయాలి. "నీడ ఎంత పొడుగుంది?", "మీతోని ఎవరొచ్చిన్రు?" లాంటివి. నిజం చెప్పాలంటే నా ఎర్రసిరా కంటే ఈ ప్రశ్నలే బాగా పనిచేస్తాయి, ఎందుకంటే దోస్తు అడిగిందానికి జవాబు రాయకుండా ఏ పిల్లవాడూ ఊరుకోడు.

వత్తులు, దీర్ఘాలు, "ఉంటది"ని "ఉంటుంది" చేయడం అన్నిటికంటే చివర. ఎవరైనా మాట్లాడిన మాటల్ని మాత్రం అట్లనే ఉంచమంటాను.

ఒక్క వ్యాసానికి ఇన్ని పీరియడ్లయితే సిలబస్ ఎట్లా అని తోటి టీచర్లు అడుగుతారు. పాఠ్యపుస్తకంలో స్వీయరచన, సృజనాత్మకత ప్రశ్నలు ఎట్లాగూ చేయించాల్సిందే, ఆ టైమే దీనికి వాడుతున్నాను.

వచ్చేవారం లేఖ. ఊరికి సాయంత్రం బస్సు వేయమని డిపో మేనేజర్‌కు. మొదటి పీరియడ్‌లో అడగబోయేది ఒకటే: బస్సు లేక మీ ఇంట్ల ఎవరికి ఏం తిప్పలయితుంది?