నాయన కంప్యూటరు

గోళ్ల సందుల్లో బూడిదరంగు పేస్టు ఇంకా పోలేదు. రెండుసార్లు సబ్బుతో రుద్దినా అంతే. నాయన కంప్యూటరుకి ప్రాసెసరు (పనంతా చేసే చిప్పు), దాన్ని చల్లబరిచే ఫ్యాను కూలరు రెండూ ఈరోజు మార్చేసినాను. వేడి లాగడానికి ఆ రెండింటి మధ్య పూసేదే ఈ పేస్టు. సంతోషంగా పడుకోవాల్సిందే కానీ, పోయిన వారం సంగతి మనసులో నుంచి పోవడంలేదు.

నేను ఊళ్లో లేనప్పుడు, ఆన్ చేస్తే ఆగిపోతాందని నాయన కంప్యూటరుని ఆటోలో వేసుకొని షాపుకి తీసుకుపోయినాడు. షాపాయన మూత కూడా తియ్యలేదంట. "పెద్దాయనా, పాత సామాన్లోళ్లకి ఏసేయండి" అన్నాడంట. నాయన మారు మాట్లాడకుండా ఇంకో ఆటో ఎక్కి వచ్చేసినాడు. ఇదంతా అమ్మ చెప్తేగాని నాకు తెలీలేదు.

ఆ కంప్యూటరు 2012 ఎండాకాలంలో కొన్నది. కంప్యూటరు సామాన్ల అంగళ్లుండే రిచీ స్ట్రీట్లో అయితే తగ్గుతుందని ఎవరో చెప్తే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయినాం. తిరుగు రైల్లో సీట్లు లేవు. మానిటరు నా చేతుల్లో, అట్టపెట్టె నాయన దగ్గర. తిరుత్తణిలో జనం తోసుకొని ఎక్కుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. పుత్తూరులో ఒక సీటు ఖాళీ అయితే దాంట్లో పెట్టెను కూర్చోబెట్టి తను నిలబడే వచ్చినాడు. దాన్ని తూకానికెయ్యమంటాడా ఆ మనిషి?

ఈరోజు మూత తీస్తే ఫ్యాను రెక్కలకి దుమ్ము దూదిలా పట్టింది. కూలరు నాలుగు కాళ్లలో ఒకటి బోర్డులోంచి పైకి లేచిపోయింది. పేస్టు ఎండి సున్నం పెచ్చులా రాలింది. విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం బయోస్‌లోనే 90 డిగ్రీలు దాటి ఆగిపోతుండిందంటే ఆగదా మరి!

పాత ప్రాసెసరు ఐ3-2100 తీసి, సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఐ5-2400 పెట్టినా. రెండూ ఇంటెల్ రెండో తరానివే, బయోస్ ముట్టుకోకుండానే పట్టేసింది. పాతది 65 వాట్లు, ఇది 95. అందుకే కూలరు కూడా పెద్దది కొన్నా. ప్రాసెసరు కూర్చునే ఈ సాకెట్లో సూదులు బోర్డు మీదే ఉంటాయి, ఒకటి వంగినా కథ కంచికే. ఊపిరి బిగబట్టి దించినా. నాయన పక్కనే సెల్ లైటు కదలకుండా పట్టుకున్నాడు. కందిగింజంత పేస్టు, ఆ పైన మూల మార్చి మూల టక్‌మనేదాకా కాళ్లు నొక్కడం, అంతే పని.

రాస్తుంటే ఇప్పుడు తోస్తోంది. ఆ కాలు నొక్కి కొత్త పేస్టు పూసుంటే ఐ3 కూడా నడిచేదేమో. "సౌండొస్తాంది, ఒకసారి చూడరా" అని నేనొచ్చిన ప్రతిసారీ నాయన చెప్తానే ఉన్నాడు. షాపాయన ఒక్కరోజు మూత తియ్యలేదు, నేను మూడేండ్లు తియ్యలేదు. విండోస్ 11 దీనికి ఎక్కదని ఆయన చెప్పుంటే అది న్యాయమైన మాటే. అయినా నాయనతో అట్ల అనుండకూడదు.

సాయంత్రం ఆన్ చేస్తే 41 డిగ్రీలు. నాయన క్యాబినెట్ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉన్నాడు. "సౌండే లేదే, తిరగతాందా అది?" అన్నాడు.