మానెయ్యమంటారనుకుంటే, నాలుగింటికి తినమన్నారు

నా జబ్బును మొదట పసిగట్టింది పళ్ల డాక్టరు. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని వెళ్లాను. ఆవిడ చిన్న అద్దం పెట్టి ముందుపళ్ల లోపలివైపు చాలాసేపు చూసింది. గ్లవ్స్ తీసేసి, అసిస్టెంట్ అమ్మాయిని ఏదో పని మీద బయటికి పంపి, మెల్లగా అడిగింది: "తరచూ వాంతులవుతుంటాయా అమ్మా?"

"ఎసిడిటీ అండీ" అన్నాను. ఏడేళ్లుగా అందరికీ చెప్తున్న జవాబే.

ఎనామెల్ లోపలివైపు ఇలా అరిగిందంటే కడుపులోంచి పైకొచ్చే యాసిడ్ పనే అయ్యుంటుందని, అది ఎసిడిటీ కావచ్చు, ఇంకోటీ కావచ్చని చెప్పింది. ఆ ఇంకోదాని పేరు మందుల చీటీ వెనక రాసిచ్చింది. బులీమియా. అంటే ఆపుకోలేక అతిగా తినడం, ఆ తర్వాత భయంతో కావాలనే వాంతి చేసుకోవడం. వాంతయిన వెంటనే బ్రష్ చేస్తే ఎనామెల్ ఇంకా పోతుందట, నీళ్లతో పుక్కిలించి ఊరుకోమంది. తిట్టలేదు. ఆటోలో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

నేను పెరిగింది తెనాలిలో. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పెళ్లిలో మా మేనత్త నా నడుం గిల్లి, "సంబంధాలు చూసేనాటికి కాస్త తగ్గించవే" అంది. నిజానికి ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆ మాట మా ఇళ్లల్లో ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంటారు. హాస్టల్‌కి వెళ్లి అన్నం మానేశాను. పగలంతా ఉగ్గబట్టుకుని ఉండేదాన్ని. రాత్రికి ఎక్కడో తెగేది. నిలబడే, గబగబా, ఏది దొరికితే అది. రుచి తెలిసేది కాదు. ఆపుదామన్నా చెయ్యి ఆగేది కాదు. తర్వాత భయం, బాత్‌రూమ్ తలుపు, సిగ్గు. రేపటినుంచి కడుపు మాడ్చుకోవాలని ఒట్టు. ఆ ఒట్టే మర్నాటి రాత్రిని తెచ్చిపెడుతోందని అప్పట్లో తట్టలేదు. నోరు కట్టుకోలేని దాన్ననుకున్నాను, అంతే.

పైగా శనివారం ఒక్కపొద్దులు. వేంకటేశ్వరస్వామి పేరు చెప్తే ఎందుకు తినలేదని అడిగేవాళ్లుండరు. "ఈ వయసులో ఎంత భక్తి!" అని మెచ్చుకుంటారు కూడా. శనివారం కాస్తా శుక్ర, శనివారాలైంది. తర్వాత సోమవారం కూడా కలిసింది.

ఆ చీటీ పట్టుకుని ఒక వారం చదివాను. గ్రీకులో ఆ మాటకి ఎద్దుకుండేంత ఆకలి అని అర్థమట. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ అనే సైకియాట్రిస్టు తన దగ్గరికొచ్చిన ముప్పై మంది గురించి రాసి, దీనికి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టాడు. అందరూ ఎముకలు తేలి ఉంటారనుకోవడం తప్పు. చాలామంది మామూలు బరువులోనే ఉంటారు, నాలాగే. అందుకే ఇంట్లోవాళ్లకి కూడా అనుమానం రాదు. 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో డయానా తనకీ ఈ జబ్బుందని చెప్పిందని చదివి, రాజుగారింటి కోడలికీ తప్పలేదా అనుకున్నాను. విచిత్రంగా కాస్త ధైర్యమొచ్చింది.

ధైర్యం వచ్చింది గానీ దారి తెలియలేదు. ముందు వెళ్లిన ఫిజీషియన్ సగం విని, "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయమ్మా" అని గ్యాస్ మాత్రలు రాశాడు. రెండు నెలలు మళ్లీ నోరు మూసుకున్నాను. ఒకరోజు బాత్‌రూమ్ నుంచి బయటికొస్తూ కళ్లు తిరిగి గుమ్మం పట్టుకున్నాను. నా రూమ్మేట్‌ది కరీంనగర్. ఎదురుగా నిలబడి, "అక్కా, నాకు తెల్వదనుకుంటున్నవా? చెప్పకుంటే ఎట్ల?" అంది. చెప్పేశాను. ఏడేళ్లలో మొదటిసారి ఆ మాట నా నోటినుంచి వచ్చింది. ఆ అమ్మాయే 14416కి ఫోన్ కలిపిచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అటువైపు కౌన్సిలర్ ఆశ్చర్యపోలేదు. సైకియాట్రిస్టును ఒకరిని, క్లినికల్ సైకాలజిస్టును ఒకరిని చూడాలని చెప్పింది. సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవడం మంచిదని నాకు తర్వాత తెలిసింది. కౌన్సిలర్ బోర్డులు హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్నాయి మరి.

సైకియాట్రిస్టు మనసు గురించి అడిగేముందు రక్తపరీక్ష, ఈసీజీ రాశాడు. నాకు అర్థం కాలేదు. పొటాషియం 3.1 వచ్చింది, కనీసం 3.5 ఉండాలి. వాంతులతో పొటాషియం పడిపోతుందని, మరీ పడిపోతే గుండె లయ తప్పుతుందని, ప్రాణం మీదికి కూడా రావచ్చని కాగితం మీద గీత గీసి చూపించాడు. నేను నీరసమనుకున్న కాళ్ల పీకులు, దడ అవేనేమో. చెవుల కింద బుగ్గలు ఉబ్బి ఉంటే లావెక్కానని ఇంకా కడుపు మాడ్చుకునేదాన్ని, అది లాలాజల గ్రంథుల వాపట! చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడిగాడు. నిజమే చెప్పాను.

ఫ్లూయాక్సెటిన్ అనే మాత్ర మొదలుపెట్టాడు. డిప్రెషన్‌కి మామూలుగా 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, ఈ జబ్బుకి మెల్లగా 60 దాకా పెంచుతారు. మొదట్లో కాస్త వికారం, నిద్ర చెదరడం ఉండేవి. "మాత్ర సాయమే, అసలు వైద్యం సైకాలజిస్టుతో మాట్లాడుతూ చేసే థెరపీ" అన్నాడాయన. ఇదంతా ఎవరికైనా తెలిస్తే సంబంధాలు చెడతాయని టెన్షన్ పడ్డాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నా వివరాలు గోప్యంగా ఉంచాలని ఆయనే చెప్పాడు. ఖర్చు మాత్రం నొప్పే. నా ఇన్సూరెన్స్‌లో ఆస్పత్రిలో చేరితే తప్ప ఏమీ రాదు.

థెరపీ గురించి నేనొకటనుకున్నాను, అక్కడ జరిగింది వేరు. వాంతులు మానెయ్యమంటారని, తిండి తగ్గించుకునే కిటుకు నేర్పుతారని వెళ్లాను. ఇరవై వారాలు, ఇరవై సెషన్లు అని చెప్పి, మొదటి వారమే నోట్‌బుక్ చేతిలో పెట్టి, రోజుకి మూడుపూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదంది సైకాలజిస్టు. "మేడమ్, నేనొచ్చింది ఎక్కువ తినడానికి కాదు" అన్నాను. ఆవిడ నవ్వి, "రాత్రి పదింటికి జరిగేది పొద్దున ఎనిమిదింటికే మొదలవుతోంది. మాడిన కడుపు ఊరుకోదు" అంది.

నోట్‌బుక్‌లో గడులు: టైము, ఏం తిన్నాను, ఎక్కడ, అప్పుడు మనసెలా ఉంది. ఎక్కువ తిన్నాననిపిస్తే పక్కన చుక్క గుర్తు. మొదటి పేజీ నిండా చుక్కలే, పెరుగన్నానికి కూడా. నాలుగింటి చిరుతిండి అన్నిటికన్నా కష్టమైంది. ఆఫీసు ప్యాంట్రీలో అరటిపండు ఒలిచి చేత్తో పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డ రోజుంది.

ఒక్కపొద్దుల దగ్గర మాత్రం నాకూ ఆవిడకీ పడలేదు. "ఈ మొక్కు దేవుడిదా, జబ్బుదా?" అని అడిగింది. ఒళ్లు మండింది. రెండు వారాలు ముభావంగానే ఉన్నాను. తర్వాతొక శనివారం టిఫిన్ చేసి గుడికి వెళ్లాను. పూజారిగారు దొన్నెలో పులిహోర పెట్టి, "తిను తల్లీ, వేడిగా ఉంది" అన్నారు. మెట్ల మీద కూర్చుని తిన్నాను. జీడిపప్పు ఒకటి తగిలింది. అక్కడ పులిహోరలో జీడిపప్పు వేస్తారన్న సంగతి నాకు అన్నేళ్లూ తెలియదు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు దెబ్బతిన్నాను. అరిసెల డబ్బా, అర్ధరాత్రి, మళ్లీ అదే కథ. అంతా పోయిందనుకుని సెషన్ ఎగ్గొట్టబోయాను. రూమ్మేట్ బండి మీద తీసుకెళ్లి దింపింది. సైకాలజిస్టు ఆ రోజు పేజీ తెరిచి వేలితో చూపించింది: బస్సు ప్రయాణం, మధ్యాహ్నం భోజనం లేదు, నాలుగింటికీ లేదు, ఇంటికి రాగానే మేనత్త ఫోను. అరిసెల తప్పేం లేదన్నమాట.

అమ్మకి కూడా ఆ పండక్కే చెప్పాను. "మనింట్లో తిండికి ఏం లోటొచ్చిందే? పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని గొడవ చేసి, దిష్టి తీసి, రెండు రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఏ పక్కింటావిడతో మాట్లాడిందో తెలీదు, ఫోన్లో "తగ్గావా?" అనడం మానేసింది.

పదిహేనో సెషన్ అయింది. పోయిన నెల పొటాషియం మామూలుగానే వచ్చింది. నెలలో ఒకటి రెండు చెడ్డ రాత్రులు ఇంకా ఉన్నాయి, మాత్ర ఇప్పట్లో ఆపరట. అమ్మ కొరియర్‌లో సున్నుండలు పంపింది, స్టీలు డబ్బాలో, మూతకి గుడ్డ కట్టి. నిన్న నాలుగూ పదికి టీతో ఒకటి తిన్నాను. నోట్‌బుక్‌లో రాశాక చుక్క పెట్టాలా వద్దా అని పెన్ను పట్టుకుని కూర్చుంటే రూమ్మేట్ వచ్చి, "అక్కా, నాకొకటియ్యి" అని డబ్బా లాక్కుంది.