తగ్గుతున్నప్పుడు జ్వరం ఎందుకొచ్చింది?

నాకు టీబీ అని చెప్పుకోవడానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. చుట్టాలు మాస్కులు పెట్టుకుని వచ్చి పండ్లు ఇచ్చి వెళ్లారు. హెచ్‌ఐవీ కూడా ఉందన్న సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కోర్టు ఆదేశం ఉంటే తప్ప చెప్పమని బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉందట. ఆమె పరీక్షలో ఏమీ లేదని తేలాకే నాకు అన్నం సహించింది.

తిరుపతి కొర్లగుంటలో టిఫిన్ సెంటర్ నడిపేవాణ్ని. దగ్గు, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం. రుయా ఆసుపత్రిలో కళ్లె పరీక్షలో టీబీ బయటపడింది. టీబీ ఉన్నవాళ్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు కాబట్టి రెండోదీ తెలిసింది. జబ్బులతో పోరాడే సీడీ4 కణాల లెక్క యాభై లోపే ఉంది.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఏమిటని అడిగితే డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే కణం టీబీ క్రిమిని మింగుతుంది. దాన్ని చంపే బలం రావాలంటే సీడీ4 కణాల నుంచి సంకేతం అందాలి. హెచ్‌ఐవీ ఆ సీడీ4లనే నాశనం చేస్తుంది. ఇక క్రిమి మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అంతటితో ఆగదు. టీబీ వల్ల పుట్టే వాపు రసాయనాలు హెచ్‌ఐవీని రెచ్చగొడితే, అది ఇంకా వేగంగా పెరుగుతుంది. దొంగకు దొంగ తోడు.

అందుకే రెండింటికీ మందులు: ముందు టీబీ మాత్రలు, రెండు వారాల్లోపు ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అణిచే మందులు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారింది. అదే మందు డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు బలాన్ని తగ్గిస్తుందని, పన్నెండు గంటల తేడాతో ఇంకో డోలుటెగ్రావిర్ మాత్ర వేసుకోమన్నారు.

ఏఆర్‌టీ మొదలైన కొన్నాళ్లకు మెడ దగ్గర గడ్డలు వాచి, జ్వరం తిరగబెట్టింది. మందులు పనిచేయడం లేదేమోనని ఒకటే టెన్షన్. "భయపడొద్దు నాయనా, నీ సీడీ4లు లేస్తున్నాయి. మిగిలిపోయిన క్రిములను ఇప్పుడు గుర్తుపట్టి ఎగబడుతున్నాయి" అంది ఆమె. దీన్ని ఐరిస్ అంటారట. క్రిములు మందులకు లొంగడం లేదేమోనని పరీక్షలు చేయించి, కాదని తేలాక కొద్ది రోజులు స్టెరాయిడ్ ఇచ్చింది. రెండు రకాల మాత్రల్లో దేన్నీ ఆపనివ్వలేదు. ఆపేయాలని నాకెంత అనిపించిందో!

ఆరు నెలలకు టీబీ కోర్సు అయిపోయింది. ఆ తర్వాత రెండు వారాలకు అదనపు డోలుటెగ్రావిర్ మానేయమన్నారు. ఇప్పుడు రాత్రి ఒక్క మాత్రే.