ఇలన్ అంటే మూడు, నదన్ అంటే ఏడు

రెండు రోజులుగా నోట్‌బుక్‌లో ఇవెంకీ అంకెలు ఒక వరుస, మంచూ అంకెలు ఒక వరుస రాసుకుని వాటినే చూస్తూ కూర్చున్నాను. మూడుకి అక్కడా ఇలన్, ఇక్కడా ఇలన్. ఏడుకి అక్కడా నదన్, ఇక్కడా నదన్. ఇవెంకీలేమో యెనిసెయ్ నది నుంచి ఓఖోట్‌స్క్ సముద్రం దాకా సైబీరియా అడవుల్లో రెయిన్‌డీర్లతో తిరిగినవాళ్ళు, మంచూలేమో 1644 నుంచి 1912 దాకా బీజింగ్‌లో కూర్చుని చైనాని ఏలినవాళ్ళు. ఇద్దరి నోటా అవే మాటలు!

ఒకేలా లేని మాటలు నాకు ఇంకా నచ్చాయి. పాదాన్ని ఆమూర్ నది దగ్గర మాట్లాడే నానై భాషలో పల్గన్ అంటే ఇవెంకీలో హల్గన్ అంటారు. మన పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి అయినట్టే. మంచూలో ఆ చోటే 'ఫ' వస్తుంది: ఎరుపుకి ఇవెంకీలో హులరిన్, మంచూలో ఫుల్గియాన్. ఇంత క్రమంగా మారాయంటే ఇవి అరువు మాటలు కావు, ఒక తల్లి పిల్లలు. ఈ కుటుంబాన్నే తుంగుసిక్ భాషలు అంటారు.

మరి ఆ తల్లి ఊరేది? రష్యా, చైనాల సరిహద్దున పారే ఆమూర్ నది చుట్టుపక్కలే అంటారు, నాకూ అదే సబబుగా తోస్తుంది. ఇవెంకీ అంత పెద్ద సైబీరియాలో పరుచుకున్నా యాసల తేడాలే తప్ప ఒకే భాష. అదే ఆమూర్ కింది భాగంలో అయితే నానై, ఉల్చ్, ఒరోచ్, నెగిదాల్ అని కొద్ది చోటులోనే ఇన్ని భాషలు. ఇన్ని తేడాలు పుట్టాలంటే జనం అక్కడ చాలాకాలంగా ఉండి ఉండాలి కదా.

తవ్వకాలు కూడా అటే చూపిస్తాయి. రష్యా తూర్పు కొసన ఉన్న ప్రిమోర్యేలో 'దెయ్యపు ద్వారం' అనే గుహ ఉంది. అందులో దొరికిన సుమారు 7,700 ఏళ్ళనాటి ఇద్దరు ఆడవాళ్ళ ఎముకల నుంచి తీసిన డీఎన్ఏ గురించి 2017లో ఒక పరిశోధన వెలువడింది. ఇప్పటివాళ్ళలో వాళ్ళకి బాగా దగ్గరివాళ్ళు ఎవరంటే, ఆమూర్ ఒడ్డున ఉండే ఉల్చ్ జనమే! అడవి గడ్డి నారతో పేనిన తాళ్ళ ముక్కలు, వల ముక్కలు కూడా ఆ గుహలో మాడి మిగిలాయి.

కానీ ఇక్కడే ఆగాలి. ఆ ఆడవాళ్ళు తుంగుసిక్ భాష మాట్లాడారని మాత్రం చాలామంది తొందరపడి రాసేస్తున్నారు. ఈ భాషలు విడిపోయి సుమారు 2,000 ఏళ్ళే అయిందని ఎక్కువమంది లెక్క, అంకెలు ఇంత దగ్గరగా ఉండటం చూస్తే నాకూ అలాగే అనిపిస్తుంది. ఎముక రక్తసంబంధం చెబుతుంది, మాట చెప్పదు. 1764లో మంచూల చింగ్ రాజ్యం షిబె అనే జాతి సైనికుల్ని కుటుంబాలతో సహా మంచూరియా నుంచి ఎక్కడో పడమట, ఇప్పటి షిన్‌జియాంగ్‌లో ఉన్న ఇలీ లోయకి పంపితే, మంచూకి అతి దగ్గరి మాట ఈరోజుకీ ఎక్కువగా వినిపించేది అక్కడే. భాష అంత దూరం నడిచిపోగలదు.

నేలా మాటా ఒకేచోట కనిపించే వస్తువు కోసం వెతికితే నాకు దొరికింది 1413 నాటి రాతి శాసనం. ఆమూర్ ఒడ్డున తీర్ అనే చోట కొండ మీద నిలబెట్టారు, ఇప్పటి ఉల్చ్ జిల్లాలోనే. మంచూల పూర్వీకులైన జుర్చెన్ల లిపి దాని మీద ఉంది. రాయి పక్కల్లో చైనీస్, మంగోల్, టిబెటన్, జుర్చెన్ నాలుగు లిపుల్లోనూ చెక్కిన మాట ఒకటే: ఓం మణి పద్మే హూం.