స్లీవ్ కాదు, బైపాస్
కొన్నేళ్లుగా తలకింద రెండు దిండ్లు లేనిదే నాకు నిద్ర లేదు. రాత్రి చారన్నం తిన్నా తెల్లవారుజామున గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి. బరువు తగ్గే ఆపరేషన్‌కు సిద్ధపడినప్పుడు, పేగుల జోలికి పోదు కదా అని మొదట జీర్ణాశయాన్ని మాత్రమే కోసి చిన్నది చేసే స్లీవ్ వైపే మొగ్గాను. అయితే ఎండోస్కోపీలో అన్నవాహిక అడుగున పుండ్లు కనిపించాక, డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి వివరించారు: స్లీవ్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం తీసేస్తే మిగిలేది సన్నని గొట్టమే కనుక, అందులో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నే అవకాశం ఎక్కువ, బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే సంచిగా చేసి, దానికి చిన్నపేగును కలుపుతారు కనుక, ఆమ్లమూ పిత్తరసమూ పైకి రావడం బాగా తగ్గుతుంది. జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకోవాలన్న మాట అమ్మను భయపెట్టింది, నన్ను కూడా. అయినా అర్ధరాత్రి లేచి కూర్చుని దగ్గే బాధ కంటే ఆ మాత్రలే నయమనిపించి, నిన్న బైపాస్‌కే సంతకం చేశాను.