అల్లం బీరులోకి ఏ తీపి వేయాలి? నా అనుభవం

లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం కాబట్టి ఇంట్లో బీరు కాచే సరదాను నేను అల్లం బీరుతో తీర్చుకుంటున్నాను. అల్లం, నిమ్మరసం, నీళ్ళు, తీపి, చిటికెడు ఈస్ట్, అంతే సరుకు. మంజీరా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది గనుక మరిగించి చల్లార్చుకోవాలి. మిగతాదంతా తేలికే. తేలనిదల్లా తీపి సంగతి.

గచ్చిబౌలి వైపు ఒక మైక్రోబ్రూవరీలో పనిచేసే మా బావమరిదిని అడిగాను. "వేసేటప్పటి రుచి చూసి ఎంచుకోకు బావా. తీపిని ఈస్ట్ తినేస్తుంది. తినగా ఏం మిగులుతుందో అది చూసుకో" అన్నాడు. బార్లీ మాల్ట్ నుంచి వచ్చే చక్కెరల్లో మాల్టోజ్‌దే పెద్ద వాటా. అది పులిసిపోతుంది, డెక్స్‌ట్రిన్లనే పొడవాటి చక్కెర గొలుసులు మాత్రం ఈస్ట్‌కు అరగక మిగిలి బీరుకు చిక్కదనాన్నిస్తాయి. పంచదార కలిపితే మొత్తం పులిసిపోయి బీరు పలచబడుతుంది. బెల్జియం వాళ్ళు ట్రిపెల్ లాంటి ఘాటు బీర్లలో కావాలనే కలుపుతారట, తాగేటప్పుడు బరువుగా ఉండకూడదని.

ఆ మాట పట్టుకుని, ఒకే అల్లం కషాయాన్ని సీసాల్లోకి పంచి ఒక్కోదాంట్లో ఒక్కో తీపి వేసి చూశాను. పంచదార సీసాలో అల్లం ఘాటు తప్ప ఇంకేం లేదు. పటికబెల్లమూ పంచదారలాగే సుక్రోజే, దానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. మందుల షాపు గ్లూకోజ్ వేస్తే, సుక్రోజ్‌ను విడగొట్టుకునే పని ఈస్ట్‌కు తప్పుతుంది. కానీ డబ్బా వెనక చదివితే విటమిన్ డి, కాల్షియం కూడా ఉన్నాయి. రుచిలో మాత్రం పంచదారకూ దానికీ తేడా తెలియలేదు. తేనెలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని తక్కువ, అందుకే నిదానంగా పులిసింది. దాని వాసన కూడా అల్లం కింద అణిగిపోయింది.

ఎక్కువ తిప్పలు పెట్టింది బెల్లమే. పచ్చగా మెరిసేది వద్దనుకున్నాను, ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రాస్ అనే రంగు తేల్చే రసాయనం వేస్తారు. ముదురు రంగుది కావాలని బేగంబజార్ వెళ్తే కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నల్లబెల్లం దేనికి సార్?" తప్పు పట్టలేం. తెలంగాణలో నల్లబెల్లం, పటిక అనగానే గుడుంబా గుర్తొస్తుంది, ఎక్సైజ్ వాళ్ళ కన్ను కూడా దాని మీదే. అల్లం బీరంటే మరీ అనుమానిస్తాడేమోనని పానకానికన్నాను. అబద్ధమేం కాదు, సగం బెల్లం అలాగే ఖర్చయింది.

బెల్లాన్ని కరిగించి, వడగట్టి, ఒక పొంగు రానిచ్చి వాడాలి. వడగడితే ఇసుక, చెరకు పీచు బయటపడతాయి. ఇందులోని ఖనిజాల వల్లనేమో, పంచదార సీసా కన్నా ముందే పొంగింది. అసలు విషయం తీపి తగ్గాక బయటపడింది. నాలుక మీద ఉప్పటి చాయ, చివర్లో కాస్త చేదు. బెల్లం తింటున్నప్పుడు ఆ రెండూ మనకు తెలియవు, తీపి కప్పేస్తుంది. ఒక్క బెల్లంతోనే చేస్తే ఆ రుచిదే పెత్తనం. తాటిబెల్లమైతే పొగ వాసనతో అల్లాన్ని పూర్తిగా మింగేసింది. నాకు నచ్చలేదు, మా ఆవిడకు అదే నచ్చింది.

ఇప్పుడు నా లెక్క రెండు వంతులు పంచదార, ఒక వంతు ముదురు బెల్లం. లీటరుకు మొత్తం 80 గ్రాములు. ఇదంతా పులియకూడదు. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది, కాబట్టి 80 గ్రాములూ పులిస్తే అది మామూలు బీరుతో సమానం. గ్యాస్‌కు అంత అక్కర్లేదు. 4 గ్రాములు పులిస్తే ఆ లీటరు నీటిలో దాదాపు లీటరు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, మూత బిగించాక 12 నుంచి 15 గ్రాములు పులిస్తే కూల్‌డ్రింకంత బుస వస్తుంది. అందుకే గాజు సీసాల జోలికి పోను. ప్లాస్టిక్ సోడా సీసాలైతే నొక్కి చూడొచ్చు, గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. మే నెలలో పొద్దున పెట్టిన సీసాను సాయంత్రానికే చూసుకోవాలి. ఫ్రిజ్‌లో ఈస్ట్ చావదు, మందగిస్తుందంతే. ఎంతో కొంత ఆల్కహాల్ ఉంటుంది గనుక పిల్లలకు మాత్రం పానకమే.