ముత్తాత వీలునామాలో నాలుగు కంచు కంచాలు

మా ముత్తాత 1939లో వ్రాయించిన వీలునామా నకలు చేతికి వచ్చినప్పుడు నేను మొదట వెతికినది భూముల వివరం. నాగావళి ఒడ్డున చూపు ఆనినంత మేర ఆయన పొలమేనని మా ఇంట్లో అందరూ చెప్పుకొనేవారు. వీలునామాలో కనిపించినవి రెండే చెక్కలు, అవి కలిపితే నాలుగు ఎకరాలకు లోపే. ఇంట్లో చెప్పుకొన్నదంతా గొప్పలేనేమో అని ఆ క్షణంలో మనసు చివుక్కుమన్న మాట నిజం. తరువాత నిదానంగా చదివితే అసలు సంగతి తెలిసింది. ఆ రోజుల్లో మనకు వర్తించిన మితాక్షర న్యాయం (హిందూ కుటుంబాల ఆస్తి హక్కులను తేల్చే పాత ధర్మశాస్త్ర పద్ధతి) ప్రకారం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో తన వాటాను ఎవరూ వీలునామా ద్వారా ఇచ్చే వీలు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతోనే ఆ వెసులుబాటు వచ్చింది. కాబట్టి ఆ కాగితంలో ఉన్నది ఆయన స్వార్జితం మాత్రమే. అన్నదమ్ములతో కలిసి ఉన్న పొలం ఎంతైనా అందులోకి రాదు. పాత వీలునామా చూసి పెద్దల ఆస్తి ఇంతేనని తేల్చేసే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

నకలు సంపాదించడం అనుకున్నంత కష్టం కాలేదు. రిజిస్టరు చేయించిన వీలునామాలను రిజిస్ట్రేషను కార్యాలయాల్లో మూడవ నంబరు పుస్తకంలో ఎక్కిస్తారు. వ్రాసిన మనిషి బతికి ఉన్నంతకాలం ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు; ఆయన పోయిన తరువాత ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు. అయితే జిల్లా పేరు దగ్గర తడబడకూడదు. ఇప్పటి శ్రీకాకుళం అప్పటి చికాకోలు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు గంజాం జిల్లాలో, ఆ తరువాత 1950లో సొంత జిల్లా అయ్యే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మా నకలు మొదటి వరుసలో విశాఖపట్టణం జిల్లా, చికాకోలు తాలూకా అని ఉండటానికి కారణం అదే.

ఆ రోజుల్లో మద్రాసు నగరంలోనైతే హిందువుల వీలునామాకు కోర్టులో ప్రొబేటు, అంటే వీలునామా చెల్లుతుందన్న ధ్రువీకరణ, తీసుకోవలసి ఉండేది; ఎగ్జిక్యూటరు, అంటే వీలునామాను అమలు జరిపే మనిషి, ఆరు నెలల లోపల ఆస్తి జాబితా దాఖలు చేయవలసి ఉండేది. మన పల్లెలకు ఆ నిర్బంధం ఉండేది కాదు. అందువల్ల ఇంటి సామాను పేరుపేరునా వ్రాసి ఉన్న కాగితం మన వైపు దొరకడం అదృష్టమనే అంటాను. మా ముత్తాత ఎవరూ అడగకుండానే చరాస్తికి విడిగా షెడ్యూలు వ్రాయించారు. దానిని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

ఆ షెడ్యూలు వరుస చూస్తే లేఖరి ఇంట్లో నడుస్తూ వ్రాసుకొన్నట్టు అనిపిస్తుంది. వీధి అరుగు మీది పట్టెమంచంతో మొదలవుతుంది. నడిల్లు చేరగానే భోషాణం, గోడ గడియారం, తాళం లేని టేకు పెట్టె వస్తాయి. ఆ పెట్టె పక్కన "రంగూను నుండి తెచ్చినది" అని ఉంది. మన ప్రాంతం నుంచి ఆ కాలంలో వేలమంది ఓడలెక్కి బర్మా వెళ్ళి కూలినాలి చేసి వచ్చారు. మా ఇంటి నుంచి కూడా ఒకరు వెళ్ళి వచ్చారన్న సంగతి మాకు ఆ మూడు మాటల వల్లనే తెలిసింది. ఆ పైన వంటసాల, పెరడు, పశువుల సాల, రెండు జతల ఎద్దులు, ఒక బండి, ఏతాము కొయ్య.

వంటసాల దగ్గర లేఖరి కలం నెమ్మదించింది. "అడుగున మాటు వేసిన ఇత్తడి గంగాళము 1, తూకము వీశెలు 4, వెల రూ. 5-8-0." వీశె అంటే ఇప్పటి లెక్కలో కిలో నాలుగు వందల గ్రాములు, వెలలోని మూడు అంకెలు వరుసగా రూపాయలు, అణాలు, పైలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు కాబట్టి ఆ గంగాళం వెల అయిదున్నర రూపాయలు. వీలునామాకు స్టాంపు సుంకం లేదు కనుక వెలలు తగ్గించి చూపవలసిన అవసరమూ లేదు. విలువను బట్టి స్టాంపు కట్టవలసిన పంపకాల దస్తావేజులోని వెలల కన్నా వీటినే నేను ఎక్కువగా నమ్ముతాను. ఆ గంగాళం ఇప్పటికీ మా ఇంటి పెరట్లో ఉంది. బోర్లించి చూస్తే మాటు అరచేతి వెడల్పున, అంచుల్లో కొంచెం ఎర్రబారి, వేలితో తడిమితే గట్టులా తగులుతుంది. అంటే ఎనబై ఏళ్ళ కిందటికే అది పాత గంగాళం. కొత్తది కొనకుండా మాటు వేయించుకొన్న ఇల్లు అది.

కొలపాత్రలన్నీ ఒకే వరుసలో ఉన్నాయి: కుంచము, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్ద. వాటిలో తవ్వ ఒక్కటే మిగిలింది. మా అమ్మ ఇప్పటికీ బియ్యం దానితోనే కొలుస్తుంది. దాని అంచు ఒక పక్క అరిగి పలుచబడింది, బియ్యంలో ముంచేటప్పుడు రాసుకొనే పక్క.

బాకీల పట్టికలో మూడు ప్రోనోట్లు ఉన్నాయి. వాటి కింద "చట్ట ప్రకారము తగ్గిన మేరకే వసూలు చేయవలెను" అన్న వాక్యం ఉంది. 1938లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం పాత అప్పుల మీద పేరుకొన్న వడ్డీని చాలావరకు కొట్టివేసింది. అప్పు ఇచ్చినవాడు తన వీలునామాలో ఆ చట్టాన్ని తానే తలచుకోవడం నాకు గౌరవం కలిగించింది.

ఇక జాబితాలో లేనివి. మా తాతమ్మ నగలు ఒక్కటీ లేవు. కాసులపేరు, వడ్డాణం ఉండేవని నాయనమ్మ చెప్పేది. అవి స్త్రీధనం, అంటే ఆమె సొత్తు, ఆయన పంచేవి కావు. మట్టి కుండలు, దాకలు, చేటలు, జల్లెడలు కూడా లేవు. వాటికి ఎవరూ వెల కట్టలేదు గాని ఆ ఇంటి వంట అంతా నడిచింది వాటితోనే.

చివరి పుటలో, సాక్షుల సంతకాలకు పైన, దస్తావేజుల్లో మామూలుగా ఉండే దిద్దుబాటు గమనిక ఒకటి ఉంది: "కంచు కంచములు అన్న చోట 5 కొట్టివేసి 4 అని వ్రాయడమైనది." మొదట దానిని లేఖరి పొరపాటు అనుకొన్నాను. పోయిన సంక్రాంతికి బొబ్బిలిలో మా తాతయ్య చెల్లెలి మనవరాలి ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు, పూజ గది అలమరలో ఒక కంచు కంచం కనిపించింది. తన అమ్మమ్మ పెళ్ళికి పుట్టింటివారు సారెతో పాటు పెట్టినదని ఆమె చెప్పింది. తీసి వెనక్కి తిప్పి చూశాను. మా ఇంట్లో ఉన్న నాలుగు కంచాల అడుగున సుత్తి దెబ్బలతో చుక్కలు చుక్కలుగా చెక్కిన మా ఇంటిపేరు మొదటి అక్షరం, అదే ఒరవడిలో, దాని అడుగునా ఉంది.